1843 పక్కన ప్రశ్న గుర్తు

జూన్ 4

మా పిల్ల పిడుగు టాబ్లెట్‌ని ఇవాళ కాటాలు బాగుచేసే నా షాపుకి తెచ్చాను. బీరువాలో అలాగే పడి ఉంటే బ్యాటరీ పాడైపోతుందని మా ఆవిడతో అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. పిడుగు పోయాక మా ఇంట్లో మాటకి జవాబు రావడం తగ్గిపోయింది, కాబట్టి అది సరేననడమో, వద్దనడమో నాకు తెలీదు.

మధ్యాహ్నం భోంచేశాక వెనక గదిలో ఛార్జింగు పెట్టాను. వెలగ్గానే పైన ఒక మాట కనబడింది. "పిడుగూ, నీ కోసం ఆట ఎదురుచూస్తోంది." ఆ చెస్ సైటు పంపినదే. దానికేం తెలుసు, అందరికీ పంపినట్టే పంపుతుంది. అయినా ఆ మాట రెండుసార్లు చదివాను.

నొక్కితే దాని పేజీ వచ్చింది. పేరు దగ్గర "పిడుగు" అనే రాసుకుంది. ఇంట్లో మేం పిలిచే పేరే ప్రపంచానికంతా చెప్పుకుంది పిచ్చిది. కింద రేటింగు 1843. దాని పక్కన ప్రశ్న గుర్తు.

ఆసుపత్రి మంచం మీద ఆఖరి ఆట గెలిచి 1843 చేసుకుంది. "పద్దెనిమిది వందల నలభై మూడు నాన్నా" అని నా వైపు తిప్పి చూపించింది. అప్పుడు ప్రశ్న గుర్తు లేదు. నేను కళ్ళజోడు పెట్టుకునే చూశాను.

ఎవరడిగారు వీళ్ళని దాని నంబరు పక్కన ప్రశ్న పెట్టమని?

జూన్ 5

సాయంత్రం బావమరిది బ్యాంకు నుంచి వెళుతూ షాపు దగ్గర ఆగాడు. వాడికీ చెస్ పిచ్చి ఉంది. పిడుగు చేతిలో ఓడిపోవడం వాడికొక గౌరవం. మా కస్టమరొకాయన అడిగాడని చెప్పి, నంబరు పక్కన ప్రశ్న గుర్తు ఎందుకొస్తుందని అడిగాను.

వాడు చెప్పింది ఇది. నంబరంటే మనిషి బలం ఎంతో సైటు వేసుకున్న అంచనా. ఆ అంచనా మీద దానికెంత నమ్మకముందో అదీ పక్కనే లెక్క వేసుకుంటుంది. రోజూ ఆడేవాళ్ళ మీద నమ్మకం ఎక్కువ. చాలాకాలం కనబడకపోతే నంబరు మారదు కానీ నమ్మకం పలచబడుతుంది. ఆట మర్చిపోయారో, ఎక్కడో కూర్చుని బాగా నేర్చుకుంటున్నారో దానికి తెలీదు కదా. బాగా పలచబడ్డాక ప్రశ్న గుర్తు పెడుతుంది. మళ్ళీ ఆడితే పోతుంది.

"ఎవరా కస్టమరు బావా?" అన్నాడు. ఎవరో ఒకాయనలే అన్నాను. వాడు కాసేపు షాపులో కాటాల వంక చూసి, "ఆయనకి చెప్పు, ఆడకుండా వదిలేయమని. ప్రశ్న గుర్తున్నంత మాత్రాన కొంపేం మునగదు" అని వెళ్ళిపోయాడు.

వాడికేం తెలుసు. నా పనే ఇది. కాటాకి తూనికల శాఖ వేసిన ముద్ర గడువు దాటితే అది సరిగ్గా తూచినా సరే, ఎవరూ నమ్మకూడదు. అలాగని కాటాని పారేయం. సరైన రాయి ఒకటి పెట్టి, తూకం చూసి, కొత్త ముద్ర వేయిస్తాం. అంతే. ఇందులో పెద్ద విద్యేముంది.

ఒక్క ఆట చాలు.

జూన్ 6

ఓడిపోయాను.

ఆడింది పిడుగు కాదు కాబట్టి ఓడితే ఏమవుతుందిలే అనుకున్నాను చూడు, అక్కడ ఉంది నా తెలివి. నాకు ఎత్తులు రాకపోవు. దానికి నేర్పింది నేనే. గుర్రం అడ్డంగా ఎందుకు దూకుతుందని అది అడిగితే, దానికి తిన్నగా నడిచే ఓపిక లేదు, అచ్చం నీలాగే అని చెప్పింది నేనే. ఆ తర్వాత మూడో తరగతికి వచ్చేసరికి నన్ను కొట్టి కూర్చోబెట్టేది, అది వేరే సంగతి.

ఇవాళ నా మంత్రిని ఎవడో ముక్కూముఖం తెలియనివాడు పట్టుకుపోయాడు. 1843 కాస్తా 1769 అయింది. ఒక్క ఆటకి డెబ్భై నాలుగు పాయింట్లు. పిడుగు ఎప్పుడైనా ఓడితే ఏడో ఎనిమిదో పోయేవి, దానికే ఆ పూటంతా మూతి ముడుచుకునేది.

అంతకన్నా నన్ను కుదిపేసింది ఇంకొకటి. గెలిచినవాడి పేజీకి వెళ్ళి చూశాను. వాడికి పెరిగింది ఆరు. ఓడినవాళ్ళ దగ్గర తగ్గింది గెలిచినవాళ్ళకి వెళుతుందని పిడుగే చెప్పింది నాకు. నీ కాటాలాంటిదే నాన్నా, ఒక తట్ట కిందికి దిగితే రెండోది పైకి లేస్తుంది అంది. మరి నాకు పోయింది డెబ్భై నాలుగు, వాడికొచ్చింది ఆరు.

మిగతా అరవై ఎనిమిది ఎక్కడికి పోయాయి?

జూన్ 7

ఆడలేదు.

జూన్ 8

బావమరిదికి ఫోన్ చేశాను. ఆ కస్టమరు ఒక ఆట ఆడాడటరా అని మొదలుపెట్టి అరవై ఎనిమిది సంగతి అడిగాను.

వాడు మెల్లగా చెప్పాడు. ప్రశ్న గుర్తు ఉన్నప్పుడు సైటుకి అనుమానం ఎక్కువ కాబట్టి ఒక్క ఆటకే నంబరు అటో ఇటో పెద్ద గెంతు గెంతుతుందట. అవతలివాడి మీద దానికి నమ్మకం ఉంది, అందుకని వాడి నంబరు అంతగా కదలదట. పిడుగు చెప్పిన తక్కెడ లెక్క పాతకాలం లెక్కట, పిల్లకి అర్థమవడానికి ఎవరో అలా చెప్పి ఉంటారట.

"సరే, మరి ఆ అరవై ఎనిమిది ఎవరి దగ్గరున్నాయి?"

"ఎవరి దగ్గరా లేవు బావా. ఉన్నాయనుకున్నారు. లేవని తేలింది. అంతే."

నాకు కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా తూకం పని చేస్తున్నవాణ్ణి. ఒకచోట తగ్గింది ఇంకోచోట తేలాలి, లేకపోతే కాటాలో లోపముంది. ఉన్నది ఏమీ కాకుండా ఎలా పోతుంది?

ఫోన్ పెట్టేశాక ఆ ప్రశ్న నంబర్ల గురించి కాదని అర్థమైంది. షట్టరు సగం దించుకుని కూర్చున్నాను.

జూన్ 9

ఒక్కటంటే ఒక్కటే ఆడాను. గెంతు పెద్దదైతే గెలిచినా పెద్దదే కదా, రెండు గెలిస్తే దాని నంబరు దానికొచ్చేస్తుంది.

గెలవలేదు.

జూన్ 12

ప్రశ్న గుర్తు పోయింది. 1604.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా అమ్మ అంటుండేది. ఇన్నాళ్ళకి ఆ సామెతకి నేనే ఉదాహరణనయ్యాను.

జూన్ 13

ఆడలేదు. మధ్యాహ్నం రెండు మాత్రం ఆడాను, అవి లెక్కలోకి రావు, అవతలివాళ్ళు మరీ గట్టివాళ్ళు.

జూన్ 17

కిందికి దిగే కొద్దీ సైటు నాకు మెత్తటివాళ్ళని ఇస్తోంది. ఇద్దరి మధ్యా సగం సగం అవకాశం ఉండాలని దాని ఆరాటం. ఇవాళ ఒకటి గెలిచాను, ఒకటి ఓడాను, మళ్ళీ ఒకటి గెలిచాను. నంబరు 1290 దగ్గర అటూ ఇటూ ఊగి నిలబడింది. కాటా ముల్లు నిలబడిందంటే అదే అసలు బరువని నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అది పిడుగు నంబరు కాదు. నా నంబరు. దాని పేరు కింద నా బరువు తూగుతోంది. ముద్ర చెల్లిన కాటా మీద సరైన రాయి పెట్టాలని తెలిసినవాణ్ణి, నన్ను నేను తీసుకెళ్ళి పెట్టాను.

పాత ఆటలు తెరిచి చూశాను. అది వేసిన ఎత్తులన్నీ ఉన్నాయి, ఏ ఎత్తుకి ఎంతసేపు ఆలోచించిందో కూడా ఉంది. ఒకచోట బంటుని జరపడానికి రెండు నిమిషాలు తీసుకుంది. ఆ రెండు నిమిషాలూ ఏమనుకుందో. నర్సు వచ్చిందో, నేనే ఏదైనా తాగమని విసిగించానో. ఆ ఎత్తు దగ్గరే చాలాసేపు ఉండిపోయాను.

ఇంతలో కింద ఒక మెసేజ్ వచ్చింది. "నిద్రమొద్దు" అని పేరు పెట్టుకున్న ఒకరు దానితో తరచూ ఆడేవారట. "వచ్చావా పిడుగూ? ఎంత కాలమైంది! ఏంటి ఇలా ఆడుతున్నావ్, ఒంట్లో బాలేదా?"

జవాబు రాయలేదు. రాయలేదు కానీ రాయబోయాను. "బాగానే ఉన్నాను" అని కొట్టి, చూసుకుని, చెరిపేశాను.

జూన్ 19

రాత్రి భోజనం దగ్గర మా ఆవిడ నోరు తెరిచింది. కంచంలోకి చూస్తూనే అంది.

"మళ్ళీ తగ్గుతోందండీ."

ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను. ఆసుపత్రికి తిప్పుతున్న రోజుల్లో, షాపు నుంచి నేను తెచ్చిపెట్టిన కాటా మీద పిడుగుని నిలబెట్టి బరువు చూసి, నేను ఇంటికి రాగానే ఇదే మాట, ఇదే గొంతుతో చెప్పేది.

ఏంటి తగ్గేది అన్నాను. ఫోను చూపించింది. పిడుగు పేజీ. ఎవరైనా చూడొచ్చట, తాళమేం లేదట. అది ఆడుతున్నప్పుడు పేరు పక్కన పచ్చ దీపం వెలుగుతుందట. ఆసుపత్రిలో ఆవిడ కింద వరండాలో ఉండి, పైన పిల్ల నిద్రపోతోందో ఆడుతోందో ఆ దీపం చూసి తెలుసుకునేదట. తర్వాత కూడా చూడడం మానలేదు. రోజూ చూస్తూనే ఉంది, ఆరిపోయిన దీపాన్ని. ఈ మధ్య మధ్యాహ్నం పూట వెలుగుతోందట.

"ఎవరో ఆడుతున్నారు. ఆట బొత్తిగా రానివాళ్ళు" అంది. "ఆడితే ఆడారు గానీ, అలా తగ్గిపోతుంటే చూడలేకపోతున్నాను."

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఎవరో ఏమిటో, ఈ కంప్యూటర్లలో ఏమైనా జరుగుతుంది అన్నాను. సగం అన్నం కంచంలోనే వదిలేసి చేయి కడుక్కున్నాను.

దాన్ని రెండోసారి చిక్కిపోయేలా చేసి ఆవిడకి చూపిస్తున్నాను.

జూన్ 20

ఎత్తులు చెప్పే ప్రోగ్రాం ఒకటుంది. మనుషులెవరూ దాని ముందు నిలవలేరు. అయిపోయిన ఆటలో తప్పులు వెతుక్కోవడానికి వాడుకోవాలి, ఆడుతుండగా వాడితే మోసం. షాపు కంప్యూటర్లో దించుకున్నాను.

ఇది మోసం కాదు. ఎవరి పాయింట్లూ నాకక్కర్లేదు. 1843 రాగానే ఆపేస్తాను, దానిది దానికి అప్పగించి టాబ్లెట్ బీరువాలో పెట్టేస్తాను. పైగా ఆవిడ కోసం.

జూన్ 21

నాలుగు గెలిచాను.

జూన్ 22

గెలిచాను.

జూన్ 28

1470. మధ్యాహ్నాలు సరిపోవడం లేదు, పొద్దున్నుంచే కూర్చుంటున్నాను. బాగుచేయాల్సిన కాటాలు బల్ల కింద గుట్ట పడ్డాయి. పళ్ళ కొట్టాయన వచ్చి, నీ దగ్గరికి తూకం సరిచేయమని ఇస్తే నా వ్యాపారమే సరైపోయేలా ఉందని నవ్వాడు. ఆయన నవ్వింది తిట్టడమేనని తెలుసు.

ఎడమ వైపు కంప్యూటర్, కుడి వైపు టాబ్లెట్. అది చెప్తుంది, నేను వేస్తాను. కొన్ని ఎత్తులు పిడుగు వేసేలాంటివే. అప్పుడు వేలు కాసేపు గాలిలో ఆగిపోతుంది. ఇది ప్రోగ్రాం చెప్పిందా, పిడుగే చెప్పిందా అనిపిస్తుంది. పట్టపగలు, రోడ్డు మీద లారీల హారన్లు వినబడుతూండగా, నా వెనక ఎవరో నిలబడి బోర్డు చూస్తున్నట్టే ఉంటుంది. వెనక్కి తిరగను. తిరిగితే ఉండదని తెలుసు.

జూలై 3

మా ఆవిడ షాపుకి ఫోన్ చేసింది. ఫోన్ చేసి ఎన్నాళ్ళయిందో.

"ఇవాళ ఐదు గెలిచింది" అంది.

అవునా అన్నాను. ఎవరు గెలిచారని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.

సాయంత్రం వెళ్ళేసరికి పిడుగు గది కిటికీలు తెరిచి ఉన్నాయి. దుప్పటి మార్చింది. ఫోను ఎదురుగా ఆనించి పెట్టుకుని కడుపునిండా తిన్నది. బావమరిది వచ్చి, ఏంటి బావా అక్క హుషారుగా ఉంది అని నన్ను అదోలా చూశాడు. మంచిదేగా అన్నాను. మంచిదే. ఆవిడ తింటోంది, నిద్రపోతోంది, ఇంతకన్నా ఏం కావాలి? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోందని ఎవరైనా అంటే అననీ. ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది.

జూలై 8

1712. నిద్రమొద్దు నాతో ఒక ఆట ఆడి చిత్తుగా ఓడిపోయాడు. లేక ఓడిపోయిందో, ఎవరో నాకు తెలీదు. తర్వాత మెసేజ్.

"పిడుగు ఎప్పుడూ తొందరపడేది. గెలిచే ఆట కూడా తొందరపడి చెడగొట్టుకుని మళ్ళీ గెలిచేది. నువ్వు ఒక్క తప్పు కూడా చేయలేదు. నువ్వెవరు?"

టాబ్లెట్ బోర్లించి పెట్టాను.

జూలై 13

1836. ఇంకొక్క ఆట. ఆఖరి ఆట ఆడే ముందు పిడుగుది కూడా సరిగ్గా 1836. రేపు పొద్దున్నే ఆడతాను, తాజా బుర్రతో. బుర్ర నాది కాదనుకో.

జూలై 14

ఖాతా మూసేశారు.

పేజీలో దాని పేరు అలాగే ఉంది. ఇదివరకు నంబరున్న చోట ఎర్ర అక్షరాలు. "నిజాయితీ నియమాలు ఉల్లంఘించినందున ఈ ఖాతా మూసివేయబడింది." ఈ మధ్య దీని చేతిలో ఓడినవాళ్ళందరికీ పాయింట్లు తిరిగిచ్చి, మీతో ఆడినవారు మోసం చేశారని మెసేజ్ కూడా పంపారట. ఎన్ని ఊళ్ళలో, ఎన్ని ఇళ్ళలో మా పిల్ల పేరు పక్కన ఆ మాట చదువుకున్నారో.

ఒక్క ఎత్తు వెనక్కి తీసుకోనిచ్చేది కాదది. ముట్టుకున్నావు, ఆడాల్సిందే నాన్నా అనేది. ఏడేళ్ళప్పుడు కూడా.

ఆవిడ ఈ పేజీ చూసేలోపు ఇంటికెళ్ళి చెప్పాలి.

కానీ లేవలేకపోయాను.

జూలై 15

నిన్న నేను లేవకుండానే ఆవిడే వచ్చింది. షాపుకి రావడం ఆవిడకి అలవాటు లేదు. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది, ముఖమంతా చెమట. బల్ల మీద టాబ్లెట్, పక్కన కంప్యూటర్లో ప్రోగ్రాం, రెండూ తెరిచే ఉన్నాయి. దాచబోయాను. ఏం దాస్తాను?

"మోసం చేసిందని రాశారేంటండీ?"

"అది చేయలేదు. నేను చేశాను."

స్టూలు లాక్కుని కూర్చుంది. ప్రోగ్రాం ఏమిటో, ఎలా వాడానో, 1843 చేసి ఆపేద్దామనుకున్నాననీ, అన్నీ చెప్పాను. చెప్తూ చెప్తూ ఉంటే నాకే అసహ్యం వేసింది. నేను ఆగాక, మొదట ఓడిపోయింది కూడా మీరేనా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"ఓడినన్నాళ్ళూ మీరేనని నాకు తెలుసు" అంది. "వెలుగుతున్నది షాపులో మీరు ఒంటరిగా ఉండే టైముకే కదా. పోనీలే, ఈయనకి కాసేపు అక్కడ గడుస్తోంది అనుకునేదాన్ని. తగ్గించేయకండి అని చెప్పలేక అలా చెప్పాను ఆ రోజు."

చెంపల మీద చెమట తుడుచుకుంది. చెమటే అనుకుంటాను.

"తర్వాత గెలవడం మొదలైంది. అన్ని గెలవడం మీ వల్ల అయ్యే పని కాదు కదా. అందుకని నమ్మాను."

ఏం నమ్మావని నేనడగలేదు. కిటికీలు తెరిచింది, దుప్పటి మార్చింది. ఇంకా ఏమడగాలి.

ఇద్దరం ఒకే బస్సులో ఇంటికి వెళ్ళాం.

జూలై 17

బావమరిది దారి చెప్పాడు. వాడికి మొదట్నుంచీ అన్నీ తెలుసనుకుంటాను, కానీ ఒక్క మాట దెప్పలేదు. సైటు వాళ్ళకి ఉన్నదున్నట్టు రాస్తే, పిడుగు తను ఆడిన ఆఖరి ఆట దగ్గరికి నంబరుని వెనక్కి జరిపి, ఎర్ర అక్షరాలు తీసేస్తారట. తర్వాత ఆ పేజీకి శాశ్వతంగా తాళం వేస్తారు. చూడొచ్చు గానీ, ఇక ఎవరూ దాంట్లోంచి ఆడలేరు.

మధ్యాహ్నం మా ఆవిడ షాపుకి వచ్చింది. రమ్మని నేను అనలేదు, రాయండి అని ఆవిడ అనలేదు. వెనక గదిలో ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. "మా అమ్మాయి" అని కొట్టాను. ఆ తర్వాతి మాట రాలేదు. ఇన్ని పేజీలు రాశాను కదా ఇక్కడ, ఆ మాట ఒక్కసారి కూడా రాయలేదు. "పోయాక" అని రాశాను, ఏదో సామాను పోయినట్టు.

ఆవిడ కీబోర్డు తన వైపు లాక్కుంది. ఆవిడకి టైపింగు రాదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒక వేలితో "చనిపోయింది" అని కొట్టింది. మిగతాది నేను రాశాను. మోసం నాదని, ఆమెది కాదని, ఆమె ఎత్తు వెనక్కి తీసుకునే మనిషి కాదని. చివర నా పేరు పెట్టాను.

ఆవిడ అంతా చదివింది. పెదాలు కదుపుతూ మెల్లగా చదివింది.

"ఇది పంపితే ఇక దీపం వెలగదు కదా?"

వెలగదన్నాను.

మౌస్ మీద నా చెయ్యి ఉంది. అది కదలడం లేదని ఆవిడ చూసింది. నా చేతిని తీసి నా ఒళ్ళో పెట్టి, ఆవిడే నొక్కింది.